మాబున్నీ అమ్మిన నీళ్ళు

మా అత్త మాబున్నీకి కొళాయి కట్టేసే అలవాటు లేదు. కట్టేస్తే అది ఎట్ల పిలుస్తాదని నన్నే ఎదురు అడిగేది.

ధర్మవరం నుంచి కోడలిగా హిందూపురం వచ్చిన కొత్తలో ఈ కొళాయి మీదే మా ఇద్దరికీ మొదటి గొడవ. మా పుట్టింటి వీధిలో నీళ్ళు ఒక వేళ ప్రకారం వచ్చేవి. ఇక్కడ మా పరుపుల వీధిలో నీళ్ళకు వారమూ లేదు, వేళా లేదు. వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. అందుకని అత్త కొళాయి బార్లా తెరిచిపెట్టి, దాని మూతికి ఒక పాత సత్తు పళ్ళెం ఆనించేది. పైన ఎక్కడో వాల్వ్ తిప్పగానే ఖాళీ పైపులో ఉన్న గాలి ముందు తోసుకొచ్చి బుస్సుమనేది. ఆ గాలికి పళ్ళెం గడగడా కొట్టుకునేది. అత్త చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి వీధిలోకి పోయి, నడుము మీద చేయి పెట్టుకుని కేక వేసేది.

"నీళ్ళొస్తాండాయ్!"

ఆ కేకకు వీధి మొత్తం కడవలతో లేచేది. పైపు చివరి ఇల్లు మాది. గాలి అందరికన్నా ముందు మాకు వస్తుంది, నీళ్ళు అందరికన్నా ఆఖర్న వస్తాయి. మిగతా వాళ్ళు కొళాయిలు కట్టేసుకుని నిశ్చింతగా తమ పనులు చూసుకునేవాళ్ళు. అరవడానికి మాబున్నీ ఉంది కదా. అందరి కడవలూ నిండాక మా కొళాయికి ఒక సన్నని ధార వచ్చేది. "ఊరినంతా పిలిచి ఆఖరి పంక్తిలో కూర్చుంటావు, నీకేమొచ్చింది అత్తా?" అని నేను విసుక్కునేదాన్ని. ఆ పళ్ళెం చప్పుడు నాకు తలనొప్పి. ఆమె నా మాట వినిపించుకునేది కాదు.

రెండు వేల ఏడులో మా వీధికీ పక్క రెండు వీధులకీ డిజిటల్ మీటర్లు వచ్చాయి. నీళ్ళ పని ఎవరో కంపెనీవాళ్ళు కాంట్రాక్టు తీసుకున్నారు. ప్రతి గడప పక్కనా గుంత తీసి, సిమెంటు పెట్టెలో నీలం రంగు మీటరు బిగించి, పైన ఇనుప మూత వేసిపోయారు. ఆ మీటరు ఎప్పుడూ నిద్రలోనే ఉండేది. మూత ఎత్తి వెలుగు తగలనిస్తే అప్పుడు నల్లటి అంకెలు లేచేవి. మధ్యలో ఒక చుక్క. చుక్కకు ఎడమ పక్కన వేలలో లీటర్లు, కుడి పక్కన చిల్లర లీటర్లు. ఒక మూల చిన్న చక్రం గుర్తు. పైపులో నీళ్ళు పోతుంటే ఆ చక్రం తిరుగుతుంది, లేకపోతే ఊరికే నిలబడి ఉంటుంది.

నేను పదో తరగతి దాకా చదివాను కాబట్టి వీధిలో అందరి మీటర్లూ నాతోనే చదివించుకునేవాళ్ళు. ఎదురింటి శ్యామలమ్మయితే రోజూ పిలిచేది. ఆ ఎడమ పక్క అంకె మారిందా అని అడిగి, మారలేదంటే సంతోషంగా లోపలికి పోయేది. వీధి చివర మా ఇల్లూ ఆమె ఇల్లూ ఎదురెదురుగా ఉంటాయి. మా పళ్ళెం మొదట వినపడేది ఆమెకే.

రెండు నెలలు పోయాక కంపెనీ సూపర్‌వైజర్ విజయ్ కుమార్ బండి మీద వచ్చాడు. పెనుకొండ మనిషి, మర్యాదగానే మాట్లాడతాడు. ఒక్కో మూతా ఎత్తి అంకెలు రాసుకుంటూ వచ్చి మా మీటరు దగ్గర ఆగిపోయాడు. మూత దించి మళ్ళీ ఎత్తాడు.

"ఏం పెద్దమ్మా, ఇంట్లో ఎంతమంది ఉండారు?"

"నేను, నా కొడుకు, ఈ యమ్మి. ఎందుకప్పా?"

"ఈ వీధిలో అందరికన్నా మీరే ఎక్కువ వాడినారు. మూడు కుటుంబాలుండే ఇంట్లో కూడా ఇంత ల్యా. నీళ్ళు బయటికి పోస్తాండారా?"

అత్తకు మొదట అర్థం కాలేదు. నాకు అయింది, ఒళ్ళు మండింది.

"బయటికి పోసేదానికి మాకు ముందు లోపలికి రావాల గదా సార్! చివరి ఇల్లు మాది. కడవ నిండాలంటేనే కాళ్ళు పీకుతాయి."

"మిషన్ చెప్తాండాది గదమ్మా."

అంతలో శ్యామలమ్మ గడప దిగి వచ్చింది. ఆమెను ఎవరూ పిలవలేదు. "ఆ యక్క కొళాయి పొద్దస్తమానం తెరిచే ఉంటాది సార్," అంది. అది నిజమే, కాదనడానికి లేదు. కానీ అంతటితో ఆగితే శ్యామలమ్మ ఎలా అవుతుంది? "టీ హోటలోళ్ళకు పోస్తాందని అనుకుంటాండారు. నేనైతే చూడలా," అని కూడా చేర్చింది.

అనుకుంటున్నది ఎవరని నేను అరిచాను. మా అత్త మాత్రం శ్యామలమ్మ ముఖంలోకి అలా చూస్తూ నిలబడింది. ఆమె పిల్లలకు నీళ్ళు పోసి పెంచింది మా అత్త కేకే. శ్యామలమ్మ కాన్పు అయి మంచం మీద ఉన్న నెలంతా ఆమె కడవలు కూడా మా అత్తే నింపింది. నాకు ఆ క్షణాన శ్యామలమ్మ జుట్టు పట్టుకోవాలనిపించింది.

విజయ్ కుమార్ సంచిలోంచి ఒక కాగితం తీశాడు. నీళ్ళు బయట అమ్మాను, ఇకమీదట అమ్మను అని దాని మీద అచ్చువేసి ఉంది. అత్త దాని మీద వేలిముద్ర వేస్తే కొళాయి ఉంటుంది. వేయకపోతే ఈసారి వచ్చినప్పుడు కనెక్షన్ కట్ చేయాలి. అది పైవాళ్ళ ఆర్డరు, తన చేతిలో ఏమీ లేదు అన్నాడు. ఇంకు పెట్టె కూడా తెచ్చుకున్నాడు. నేను కాగితం చదివి వినిపించాను. అత్త చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది.

"అమ్మింటే ఏస్తా. అమ్మలా. పో."

ఆ మధ్యాహ్నం మా ఆయన బాబావలి పరుపుల అంగడి నుంచి వచ్చి సంగతి విని కూలబడ్డాడు. గొడవలంటే ఆయనకు గిట్టదు.

"ఒక వేలిముద్రే గదమ్మా. ఏసేయ్. కొళాయి పోతే యాడికి పోతాం? నడివీధిలో అడుక్కోవాలా కడవ నీళ్ళు?"

"అడుక్కుంటా."

"నువ్వు అమ్మలేదని మాకు తెలుసు. ఆ కాగితం ఎవురు చదువుతారు?"

"ఈ వేలితో దూది ఏకినా, పరుపులు కుట్టినా. ఒగరి దూది ఒగరికి పెట్టి కుట్టలా. తెల్ల దూది అడిగినోళ్ళకి నల్లది కలపలా. ఇప్పుడు కడవ నీళ్ళకి దొంగనని ఈ వేలే చెప్పాల్నా? నువ్వు చెప్పొచ్చినావా నాకు?"

అత్త లేచి బయటికి పోయింది. నేను చూస్తుండగానే కొళాయి గట్టిగా తిప్పి కట్టేసింది. సత్తు పళ్ళెం తీసి గోడ మీద బోర్లించింది. నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ కొళాయి మూసి ఉండటం అదే మొదటిసారి చూడటం. వీధిలో నలుగురికీ వినపడేలా చెప్పింది.

"ఇంగ నేను పిలవను. దొంగ కేక మీకెందుకు?"

వీధిలో ఎవరూ ఆ మాటను పెద్దగా పట్టించుకోలేదు. ముసలామె రోషం రెండు రోజులే అనుకున్నారు. ఆ వారంలోనే ఒక ఉదయం పక్క వీధి ఆడవాళ్ళు తడి కడవలతో మా వీధి మీదుగా పోతుంటే అందరూ గుమ్మాల్లోకి వచ్చారు. నీళ్ళు వచ్చి పోయాయి. కొళాయిలన్నీ కట్టేసి ఉన్నాయి, పళ్ళెం మోగలేదు, కేక లేదు. శ్యామలమ్మ ఎండిన కడవ చంకన పెట్టుకుని మా గడప దగ్గరికి వచ్చింది.

"ఏం మాబున్నక్కా, నీళ్ళొచ్చి పోయినాయంట. ఒక్క కేక ఎయ్యకూడదా? ఇంట్లో పిల్లోళ్ళుండారే!"

"నేను హోటలోళ్ళకి పోసేదాంట్లో పడి మరిచిపోయినా లేమ్మా," అంది అత్త. అని చీపురు తీసుకుని గడప ఊడ్చుకుంది. శ్యామలమ్మ కాళ్ళు తీసి వెనక్కి నిలబడాల్సి వచ్చింది.

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. కాకపోతే సంతోషంతో అన్నం ఉడకదు. మా కడవలూ ఎండినాయి. మా ఆయన సైకిలుకు రెండు బిందెలు కట్టుకుని ఎక్కడెక్కడో తిరిగి తెచ్చిన నీళ్ళతో సరిపెట్టుకున్నాం. ఆమె రోషం ఆమెది, వంట నాది. "నువ్వు పిలవొద్దులే అత్తా, మన కడవల మటుకు నింపుకుందాం," అని నేనే కొళాయి తిప్పాను. ఆమె అవును అనలేదు, కాదు అనలేదు. నేను ఇంకో పని కూడా పెట్టుకున్నాను. మేము పట్టే కడవలకు ఆ మీటరు ఎంత తిరుగుతుందో కళ్ళారా చూడాలి. అంత నీళ్ళు మేము తాగుతున్నామంటే ఎక్కడికి పోతున్నాయో తెలియాలి. పైపు ఎక్కడో పగిలి నేలలోకి ఇంకుతోందేమోనని నా అనుమానం.

మరుసటి దఫా కొళాయి బుస్సుమనగానే నేను బక్కెట్టు కింద పెట్టి, పరుగున పోయి మీటరు మూత ఎత్తాను. అంకెలు లేచాయి. మూలలో చక్రం గిరగిరా తిరుగుతోంది. చిల్లర లీటర్ల అంకెలు కంటికి ఆనకుండా పరుగెత్తుతున్నాయి. నేను తలెత్తి బక్కెట్టు చూశాను. పొడిగా ఉంది. కొళాయిలోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు. మళ్ళీ మీటరు చూశాను. అడుగున దుమ్ము తప్ప ఏమీ లేని బక్కెట్టుకు ఆ మిషన్ కడవల మీద కడవలు లెక్క కడుతోంది.

ధార వచ్చాక ఇంకో వింత చూశాను. మా ఇంటి కడవలన్నీ నిండినా, అంతకు ముందు గాలికి తిరిగినంత కూడా మీటరు తిరగలేదు.

"అత్తా! ఇట్ల రా! ఇది గాలికి తిరుగుతాండాది!"

అత్త వచ్చి నేను చెప్పిందంతా విన్నది. ఆమెకు అంకెలు రావు. మధ్యలో ధార ఆగి ఉత్త గాలి తన్నుకొచ్చినప్పుడు నేను కొళాయి కట్టేస్తే చక్రం నిలబడటం, తిప్పితే తిరగడం చూసింది. ఆ తర్వాత సంగతి నేను చెప్పనవసరం లేకపోయింది. వీధిలో అందరూ కొళాయిలు కట్టేసుకుంటే, ఆ పైపులో గాలంతా పోవడానికి మిగిలిన దారి మా కొళాయి ఒక్కటే. మీటర్లు వచ్చినప్పటి నుంచీ వీధి మొత్తం గాలిని మా ఇంటి లెక్కలో రాస్తున్నారు. వాళ్ళను పిలిచినందుకు మాకు పడిన శిక్ష అది.

అత్త నవ్వింది. ఆ కాగితం వచ్చిన రోజు నుంచి ఆమె నవ్వడం అదే మొదలు.

"దూది ఏకేటప్పుడు ఇల్లంతా ఎగురుతాది గదమ్మే. ఎగిరిండే దూదిని ఎవురన్నా తక్కెట్లో ఏస్తారా?"

ఆఫీసుకు పోయి చెబుదాం పద అన్నాను నేను. ఆమె ఒప్పుకోలేదు. "నా గడప కాడ అన్యాడు. నా గడప కాడే వినాల."

విజయ్ కుమార్ వచ్చాడు. ఈసారి వెంట పైపులు విప్పే పానాలు పట్టుకున్న మనిషి కూడా ఉన్నాడు. వీధి మొత్తం గుమ్మాల్లోకి వచ్చింది. మా ఆయన అంగడి కట్టేసి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అత్త అప్పటికే మీటరు పెట్టె ఇనుప మూత మీద కూర్చుని ఉంది.

"లెయ్ పెద్దమ్మా. మా పని మమ్మల్ని చేసుకోనీ."

"చేసుకో. ముందర మాకు నీళ్ళు వదలమని చెప్పు. నీళ్ళొచ్చినాక కట్ చెయ్యి, నేనే లేస్తా."

"ఈ పొద్దు మీ లైనుకి ఎట్లాగూ వదిలేది ఉండాది..."

ఆ మాట ఆయన నోట్లోంచి పూర్తిగా రాకముందే వీధిలో సగం మంది లోపలికి పరుగెత్తి కడవలతో బయటికి వచ్చారు. మా వీధికి నీళ్ళు ఎప్పుడొస్తాయో నీళ్ళవాళ్ళు ముందుగా చెప్పడం అదే మొదటిసారి. అదీ నోరు జారి. పానాల మనిషి నవ్వాపుకోలేకపోయాడు. ఇంతమంది చూస్తుండగా ముసలామెను చేయి పట్టి లేపలేక, విజయ్ కుమార్ సెల్ తీసి వాల్వ్ దగ్గరున్న మనిషితో మాట్లాడాడు. ఇప్పుడే తిప్పమన్నాడు.

అత్త లేచింది. అంగడి నుంచి తెమ్మని ఆమె ముందే చెప్పిన, పరుపులకు చుట్టే పెద్ద ప్లాస్టిక్ కవరు ఒకటి మా ఆయన చేతిలో ఉంది. ఆమె అందుకుని దాని మూతిని కొళాయికి తొడిగి, పరుపులు కుట్టే దారంతో బిగించి చుట్టింది. నేను మీటరు మూత ఎత్తి పట్టుకున్నాను. అత్త కొళాయి తిప్పింది.

బుస్సుమంది. నలిగిపోయి వేలాడుతున్న కవరు మెల్లగా కదిలి, లేచి, ఉబ్బడం మొదలైంది. మూలలో చక్రం తిరిగింది. నేను అంకెలు పైకి చదవడం మొదలుపెట్టాను. అరిచి చదివాను. వీధి మొదటింటి దాకా వినపడాలని చదివాను. విజయ్ కుమార్ వంగి మీటరులోకి చూశాడు, తలెత్తి కవరు చూశాడు. కవరు నిండి బిర్రబిగుసుకుంది. ఈ పక్క నుంచి చూస్తే ఆ పక్క నిలబడిన శ్యామలమ్మ ముఖం కనిపిస్తోంది. ఆమె వేలితో కవరు కింద తడిమింది.

"ఒగ బొట్టు కూడా ల్యా," అంది, ఎవరితోనో అన్నట్టు.

అత్త కొళాయి కట్టేసింది. చక్రం నిలబడింది. నేను చదవడం ఆపాను.

విజయ్ కుమార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "గాలి పోతాదని మాకూ తెలుసు పెద్దమ్మా," అన్నాడు చిన్న గొంతుతో. "కానీ మా లెక్కల్లో గాలి రాసేదానికి చోటు ల్యా. అందుకే కొళాయి కట్టేసుకోండని చెప్పేది."

"కట్టేస్తే నీళ్ళొచ్చేది ఎట్ల తెలుస్తాది? నువ్వొచ్చి అరుస్తావా?"

ఆయన పానాల మనిషిని వెనక్కి పొమ్మని సైగ చేశాడు. అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. ఊరుకోలేదు. సంచిలోంచి మళ్ళీ అదే కాగితం తీశాడు.

"కట్ చెయ్యనులే. కానీ ఖాళీ చేతులతో పోతే పైనోళ్ళు నన్ను అడుగుతారు. ఊరికే ఫార్మాలిటీకి ఒక వేలిముద్ర ఎయ్యి. నీ కొళాయి జోలికి ఎవురూ రారు. నాది పూచీ."

నిజం రుజువైంది, కొళాయి నిలిచింది, ఇక మిగిలింది ఒక్క వేలు. మా ఆయన తల్లి వైపు చూశాడు. వేసేయమని ఆయన కళ్ళే చెబుతున్నాయి.

అత్త కవరు మూతిని పిడికిట్లో నులిమి పట్టుకుని కొళాయి నుంచి ఊడదీసింది. గాలి పోకుండా మెలిపెట్టి, దారం చుట్లు చుట్టి, పరుపు మూతికి వేసే ముడి వేసింది. ఆ ముడిని బొటనవేలితో గట్టిగా నొక్కింది. ఆ కవరును రెండు చేతులా ఎత్తి విజయ్ కుమార్ చేతుల్లో పెట్టింది.

"ఇదప్పా నేను అమ్మిన నీళ్ళు. తీసకపోయి మీ పైనోళ్ళకు ఇయ్యి. వేలిముద్ర ఆ ముడి మీద ఉండాది."

కాగితం ఆయన చేతిలోంచి జారి కింద పడింది. తీసుకోవడానికి వంగలేకపోయాడు, చేతుల నిండా కవరు ఉంది. నేను తీసి మడిచి ఆయన జేబులో పెట్టాను. నాకు అంత మర్యాద ఎక్కడి నుంచి వచ్చిందో నాకే ఆశ్చర్యం. పానాల మనిషి బండి వెనక కూర్చుని ఆ కవరును ఒళ్ళో పెట్టుకున్నాడు. బండి మలుపు తిరిగేదాకా అది వాళ్ళిద్దరి మధ్య మెరుస్తూ కనిపించింది. అది ఆఫీసుకు చేరిందో, దారిలో పగిలిందో తెలియదు. ఆ కాగితం మాత్రం మళ్ళీ మా గడప తొక్కలేదు. మా ఆయన లోపలికి పోయి కడవలు బయటికి తెచ్చాడు.

వీధి ఇంకా నిలబడే ఉంది. కడవలు చేతుల్లోనే ఉన్నాయి. పైపులోకి నీళ్ళు వచ్చేసి ఉంటాయని అందరికీ తెలుసు. అయినా ఎవరూ కదల్లేదు. మా అత్త నోటి వైపు చూస్తున్నారు.

"మాబున్నక్కా," అంది శ్యామలమ్మ. "నీళ్ళు..."

అత్త గోడ మీద బోర్లించిన సత్తు పళ్ళెం తీసి, కొంగుతో దుమ్ము తుడిచి, ఆమె చేతిలో పెట్టింది.

"వచ్చే దఫా నీ కొళాయి తెరిచి పెట్టు శ్యామలా. గాలి నీ మీటర్లో తిరగనీ. కేక నువ్వెయ్యి. ఆ పై దఫా పక్కింటోళ్ళు. ఇంగ నా కొళాయి నీళ్ళకు తప్ప తెరుచుకోదు."

శ్యామలమ్మ పళ్ళెం పట్టుకుని తన గడప పక్కనున్న ఇనుప మూత వైపు చూసింది. వద్దంటుందేమోనని చూశాను. అనలేదు.

తర్వాతి దఫా పొద్దున వంటింట్లో ఉండగా ఎదురింట్లో పళ్ళెం గడగడలాడింది. నేను పరుగున పోయి మా మీటరు మూత ఎత్తాను. అంకెలు లేచాయి, చక్రం మాత్రం కదలకుండా నిలబడి ఉంది. ఎదురుగా శ్యామలమ్మ గడప మీద నిలబడి, నలుగురూ ఏమనుకుంటారో అన్నట్టు అటూ ఇటూ చూసి, సన్నగా పిలిచింది.

"నీళ్ళొస్తాండాయి..."

మా అత్త కడవ చంకన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. నడుము మీద చేయి పెట్టుకుంది.

"గట్టిగా అరువమ్మే!" అంది. "ఎదురింట్లో ఉండే నాకే వినపళ్ళా, ఆ మొదటింటోళ్ళకి ఎట్ల వినపడతాది?"